చర్చి గోడకు మట్టి పూసిన నాలుగు రోజులు

మట్టిని గోడకు కొట్టాలి. మెల్లగా ఆనిస్తే నిలవదు. మొదటి రోజు ఉదయం ఆ సంగతి తెలియక నేను మెల్లగానే ఆనించాను. ముద్ద మొత్తం జారి నా కాళ్ళ దగ్గర పడింది. పక్కన పని చేస్తున్న పెద్దావిడ ఏమీ అనలేదు. వెడల్పాటి కుంచెను నీళ్ళ బకెట్టులో ముంచి గోడను తడిపారు. గోడ రంగు ముదిరేదాకా ఆగి, మరోసారి తడిపారు. తరువాత నా చేతిని తన చేతిలోకి తీసుకుని, అరచేతి అడుగుభాగంతో కింది నుంచి పైకి గట్టిగా నొక్కించారు. "ఎండిన గోడ నీళ్ళు లాగేస్తుంది అమ్మాయీ. ముందు దాని దాహం తీర్చు. మట్టి ఆ తరువాత" అన్నారు.

అది న్యూ మెక్సికో రాష్ట్రంలోని రాంచోస్ డి టావోస్ అనే చిన్న ఊరు. ఆ గోడ అక్కడి శాన్ ఫ్రాన్సిస్కో డి అసిస్ చర్చిది. 1772కూ 1816కూ మధ్య పచ్చి ఇటుకలతో కట్టారు దాన్ని. ఏటా జూన్ నెలలో ఊరివాళ్ళు కలిసి దానికి కొత్తగా మట్టి పూస్తారు. బయటినుంచి ఎవరు వచ్చి సాయం చేస్తామన్నా కాదనరు. నేను అల్బుకర్కీ నుంచి రెండున్నర గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళి నాలుగు రోజులు అక్కడ పని చేశాను. అంతకు ముందు ఆరు నెలలు ఆ జూన్ కోసం ఎదురు చూశాను. ఎందుకు ఎదురు చూశానో చెప్పాలంటే అంతకు ముందటి అక్టోబరు నుంచి మొదలుపెట్టాలి.

ఆ అక్టోబరులో మొదటిసారి టావోస్ ప్వెబ్లోకు వెళ్ళాను. ప్వెబ్లో అంటే స్పానిష్‌లో ఊరు. మట్టితోనూ రాళ్ళతోనూ ఇల్లు మీద ఇల్లుగా ఊళ్ళు కట్టుకుని, మొక్కజొన్న పండించుకుంటూ బతికే ఈ ప్రజలను చూసి స్పెయిన్‌వాళ్ళు ఆ పేరు పెట్టారు. ఒక్క పేరుతో పిలిచినంత మాత్రాన వాళ్ళు ఒక్క జాతి కారు. న్యూ మెక్సికోలో ఇప్పుడు 19 ప్వెబ్లోలున్నాయి. తివా, తేవా, తోవా, కేరెస్, జూని అని ఐదు భాషలు. ఆరిజోనాలోని హోపీలది మరో భాష. టావోస్‌వాళ్ళది తివా. దాన్ని కాగితం మీద పెట్టరు, పిల్లలకు నోటితోనే నేర్పుతారు.

వాగుకు ఇటొకటి అటొకటి రెండు పెద్ద మట్టి కట్టడాలు. అంతస్తు మీద అంతస్తు మెట్లలాగా వెనక్కి జరుగుతూ పైకి లేస్తాయి. వాటిలో చాలా భాగం 1450కి ముందే కట్టినదని చెబుతారు. పాత ప్రహరీ లోపల కరెంటు లేదు, కుళాయిలు లేవు. దుకాణంగా మార్చిన ఒక గదిలోకి వెళ్ళి తల పైకెత్తాను. గుండ్రటి దూలాలు. వాటి మీద అడ్డంగా దగ్గర దగ్గరగా పేర్చిన సన్నటి కర్రలు. ఆ పైన మట్టి. కళ్ళు చెమర్చాయి. అనంతపురం జిల్లాలో నేను పుట్టిన మిద్దె అచ్చం అదే. దూలాలు, దంతెలు, వాటి మీద చవుడు మట్టి. వానలు రాకముందే మా నాన్న బండితో చవుడు తోలించి మిద్దె మీద పరిపించేవారు. అమ్మ గోడలు మెత్తి, అలికి, సున్నం కొట్టేది. ఇక్కడ దూలాన్ని వీగా అంటారు, కర్రలను లతీయా అంటారు. పేర్లే వేరు.

మమ్మల్ని తిప్పి చూపించినతను ఆ ఊరి కుర్రాడే. శ్మశానం గోడ దగ్గర ఆగాడు. లోపలికి వెళ్ళకూడదు, బయటినుంచే చూడాలి. శిలువల మధ్య సగం విరిగిన ఒక గంటగోపురం నిలబడి ఉంది. "మొదటి చర్చి 1619 ప్రాంతంలో కట్టారు. దాన్ని 1680లో మావాళ్ళే కూల్చారు. రెండోదాన్ని 1847లో అమెరికా సైన్యం కూల్చింది. మీరు ఇందాక చూసింది 1850లో కట్టినది" అన్నాడు. 1847 సంగతి అతను ఎక్కువ చెప్పలేదు. నేను తరువాత చదివి తెలుసుకున్నాను. అమెరికా న్యూ మెక్సికోను ఆక్రమించిన మరుసటి ఏడు, జనవరిలో టావోస్‌లో తిరుగుబాటు జరిగి గవర్నర్ చార్లెస్ బెంట్ హతుడయ్యాడు. ఫిబ్రవరిలో కర్నల్ స్టెర్లింగ్ ప్రైస్ ఫిరంగులతో వచ్చాడు. జనం చర్చిలోకి వెళ్ళి తలుపులు వేసుకున్నారు. అంత దళసరి గోడలు తమను కాపాడతాయనుకున్నారు. ఆ దాడిలో దాదాపు 150 మంది చనిపోయారు. ఆ గోపురం చుట్టూ ఉన్నవి వాళ్ళ సమాధులు కూడా.

"మీరే కూల్చిన చర్చిని మళ్ళీ ఎందుకు కట్టుకున్నారు?" అని అడిగాను. ఇప్పుడైతే అలా అడగను. అతను దానికి జవాబు చెప్పకుండా వాగును చూపించి, ఆ నీళ్ళు కొండ మీది బ్లూ లేక్ నుంచి వస్తాయని చెప్పాడు. అది వాళ్ళకు పవిత్రమైన సరస్సు. 1906లో అమెరికా ప్రభుత్వం దాన్ని చుట్టుపక్కల భూమితో సహా అడవుల శాఖలో కలిపేసుకుంది. డబ్బిస్తామంటే టావోస్‌వాళ్ళు వద్దన్నారు, సరస్సే కావాలన్నారు. 64 ఏళ్ళు పట్టువదలకుండా అడిగారు. 1970 డిసెంబరులో అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో 48,000 ఎకరాలు తిరిగి వాళ్ళ చేతికి వచ్చాయి. నేను అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదని అప్పుడు అనుకున్నాను. ఆ కుర్రాడు చెప్పదలచుకున్నది మాత్రం చెప్పాడు. కొన్ని సంగతులు బయటివాళ్ళకు చెప్పకుండా దాచుకోవడం వల్లనే అవి ఇన్ని శతాబ్దాలు నిలిచాయి. ఆ మౌనాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. డిసెంబరులో, మంచు కురిసిన మరుసటి రోజు, పేకోస్‌కు వెళ్ళాను. శాంటా ఫేకు తూర్పున ఉన్న ఆ ప్వెబ్లో ఇప్పుడు శిథిలం. 1620లలో అక్కడ స్పెయిన్‌వాళ్ళతో వచ్చిన ఫ్రాన్సిస్కన్ అనే క్రైస్తవ సన్యాసులు కట్టించిన చర్చికి మూడు లక్షల పచ్చి ఇటుకలు పట్టాయని అంచనా. ఒక్కో ఇటుక 18 కిలోల దాకా ఉంటుంది. ఎవరు మోశారు? పేకోస్ ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు. అది చాలదన్నట్టు ఇంటింటి నుంచీ ఏటా మొక్కజొన్న, బట్ట స్పెయిన్‌వాళ్ళకు కప్పంగా కట్టాలి. ఆ పద్ధతిని ఎన్‌కోమియెండా అనేవారు. వాళ్ళు నేల కింద కట్టుకునే గుండ్రటి పూజాగదులను, అంటే కివాలను, మిషన్లు అనే ఆ సన్యాసుల మతకేంద్రాలు అణచివేశాయి. నాట్యాలు నిషేధించాయి, ముసుగులు కాల్చాయి. 1660లలో వానలు లేవు. దక్షిణాన లాస్ హుమానాస్ అనే ఒక్క ప్వెబ్లోలోనే 1668లో 450 మందికి పైగా ఆకలితో చనిపోయారని ఒక సన్యాసే ఉత్తరం రాశాడు. 1675లో స్పెయిన్ అధికారులు మంత్రగాళ్ళన్న నేరం మోపి 47 మంది ప్వెబ్లోవాళ్ళను పట్టుకుని కొరడాలతో కొట్టారు, కొందరిని ఉరి తీయించారు. దెబ్బలు తిని బయటపడ్డవారిలో పోపే అనే పెద్దమనిషి ఉన్నాడు.

పోపే టావోస్‌లో ఉండి తిరుగుబాటుకు పథకం వేశాడు. భాషలు వేరు, ఊళ్ళ మధ్య వందల మైళ్ళ దూరం, రాత లేదు. ముడులు వేసిన తాళ్ళను పరుగువీరులతో ఊరూరికీ పంపాడు. రోజుకో ముడి విప్పాలి, ఆఖరి ముడి విప్పిన రోజు అందరూ ఒక్కసారి లేవాలి. ఇద్దరు పరుగువీరులు దొరికిపోవడంతో ఒకరోజు ముందుగానే, 1680 ఆగస్టు 10న, లేచారు. దాదాపు 400 మంది స్పెయిన్‌వాళ్ళు చనిపోయారు, వాళ్ళలో 21 మంది సన్యాసులు. మిగిలినవాళ్ళు ఎల్ పాసోకు పారిపోయారు. పన్నెండేళ్ళ పాటు ప్వెబ్లోలు స్వతంత్రంగా ఉన్నాయి. 1692లో గవర్నర్ డియెగో డి వర్గాస్ వెంట స్పెయిన్‌వాళ్ళు తిరిగి వచ్చారు.

పేకోస్‌లో ఆ పన్నెండేళ్ళ గుర్తు ఒకటుంది. సన్యాసులు కాపురమున్న ఆవరణ మధ్యలోనే ఒక కివా. చర్చిని కూల్చాక, అక్కడి ఇటుకలతోనే, అక్కడే కట్టుకున్నారు. నిచ్చెన దిగి లోపలికి వెళ్ళాను. నేను ఒక్కదాన్నే ఉన్నాను. బలవంతంగా చేయించిన ఇటుకలను ఆ చేతులే తీసి, తమ కోసం గుండ్రంగా పేర్చుకున్నాయి. అక్కడ కూర్చున్నప్పుడు నా ప్రశ్న తప్పని అర్థమైంది. చర్చిని ఎందుకు మళ్ళీ కట్టారన్నది కాదు అడగవలసింది. గోడను ఎవరు తమ ఇష్టంతో ముట్టుకున్నారు, ఎవరి చేత బలవంతాన ముట్టించారు అన్నది అడగాలి. ఈ ఎడారిలోని ఏ పాత గోడనైనా నేను ఇప్పుడు అలాగే చూస్తాను.

ముట్టుకోవాలనే కోరిక నాకు అక్కడే పుట్టింది. ప్వెబ్లోలో ఇళ్ళకు మట్టి పూసుకోవడం వాళ్ళ కుటుంబాల పని. అందులో వేలు పెట్టే హక్కు నాకు లేదు. రాంచోస్ చర్చి కథ వేరు. అది ప్వెబ్లో ప్రజల మీద రుద్దిన మిషన్ కాదు, ఆ లోయలో స్థిరపడిన స్పానిష్ కుటుంబాలు తమ కోసం కట్టుకున్నది. ఫోను చేసి అడిగితే చర్చి కార్యాలయంలో ఒకావిడ "పాత బట్టలు వేసుకోండి, టోపీ తెచ్చుకోండి, ఉదయాన్నే రండి" అని చెప్పారు. దరఖాస్తు లేదు, రుసుము లేదు.

మొదటి రోజు నన్ను గోడ దగ్గరికి పంపే ముందు మట్టి దగ్గరికి పంపారు. పెద్ద కుప్ప. దాన్ని జల్లెడ మీద వేసి రాళ్ళు, వేళ్ళు ఏరాలి. బంక ఎక్కువైతే ఎండేటప్పుడు నెర్రెలిస్తుంది, ఇసుక ఎక్కువైతే చేత్తో రాస్తేనే రాలిపోతుంది. ఎంత కలపాలన్నది కొలత ప్రకారం కాదు. ఒక పెద్దాయన పిడికెడు తడిమట్టి తీసుకుని ఉండ చేసి, భుజమెత్తు నుంచి నేల మీద వేశారు. ఉండ చితికిపోతే నీరెక్కువ, ముక్కలైతే ఇసుకెక్కువ. ఆయన వేసిన ఉండ కాస్త అణిగి అలాగే ఉంది. తల ఊపారు. అప్పుడు గోధుమగడ్డి కలిపాం. గడ్డి లేని పూత ఎండుతూ ముడుచుకునేటప్పుడు చీలిపోతుంది. గడ్డి దాన్ని పట్టి ఉంచుతుంది, వాననీటిని చుక్కలు చుక్కలుగా చెదరగొడుతుంది. బూట్లతో, పారలతో గంటసేపు కలియదొక్కాం. టావోస్ ఎత్తు ఏడు వేల అడుగులకు దగ్గర. గాలి పలచన, ఎండ సూదుల్లా గుచ్చుతుంది. అరగంటకే నాకు ఆయాసం వచ్చింది. ఒక చిన్నపిల్ల, ఎనిమిదేళ్ళుంటాయేమో, నాకు నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చి మళ్ళీ మట్టిలోకి దిగింది.

గోడ దగ్గర పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. మగవాళ్ళు నిచ్చెనలు, పరంజాలు ఎక్కుతున్నారు, చక్రాల బండ్లతో మట్టి చేరవేస్తున్నారు. ఇటుక పేర్చడం మగవాళ్ళ పని, పూత ఆడవాళ్ళ పని అన్నది ఇక్కడి పాత వాడుక. పూత పనిలో చేయి తిరిగిన స్త్రీని ఎన్‌హర్రదోరా అంటారు. ప్వెబ్లోలలో అయితే స్పెయిన్‌వాళ్ళు రాకముందు గోడ మొత్తం ఆడవాళ్ళే లేపేవారు. అచ్చు ఇటుకలు అప్పటికి లేవు, ముద్ద మీద ముద్ద పెట్టి వరుస వరుసగా ఎత్తేవారు. అలోన్సో డి బెనవిడెస్ అనే సన్యాసి 1630లో స్పెయిన్ రాజుకు పంపిన నివేదికలో, ఇక్కడ మగవాడిని గోడ కట్టమంటే పారిపోతాడనీ, ఆడవాళ్ళు చూసి నవ్వుతారనీ రాశాడు. ఆ సంగతి చెప్పగానే మా పెద్దావిడ మట్టి చేతులతోనే నడుం పట్టుకుని నవ్వారు. పరంజా మీది ఆయనను పిలిచి మరీ చెప్పారు.

రెండో రోజు మధ్యాహ్నం నీడలో కూర్చుని తింటుంటే సిమెంటు మాట వచ్చింది. ఏటా ఈ చాకిరీ ఎందుకని 1967లో ఈ చర్చికి సిమెంటు పూత వేశారు. ఇక ఎప్పటికీ ముట్టుకోనక్కరలేదనుకున్నారు. సిమెంటుకు సన్నటి పగుళ్ళు వచ్చాయి. వాటిలోంచి నీళ్ళు లోపలికి దిగాయి. మట్టిపూత అయితే తడిసినా ఎండకు ఆ తడిని వదిలేస్తుంది. సిమెంటు వదలదు. గోడ లోపలే కుళ్ళింది. పైకి మాత్రం నున్నగా, బాగానే కనిపించింది. 1979లో సిమెంటు మొత్తం కొట్టేశారు. "ఇటుకలు చేత్తో తీస్తే బురదలా వచ్చాయి. మా అమ్మ చూసి ఏడ్చింది. ఆ ఏడు ఊరంతా దుమ్మే, ఊరంతా పనే. మళ్ళీ మట్టికి వచ్చాం" అన్నారు పెద్దావిడ. దగ్గరలోని పికురిస్ ప్వెబ్లోలో శాన్ లోరెంజో చర్చికీ ఇదే గతి పట్టింది. 1980లలో అది కూలే స్థితికి వస్తే, ఆ చిన్న ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి కష్టపడి తమ చేతులతో మళ్ళీ కట్టుకున్నారు.

మా మిద్దెను కూడా నేను ఇంటర్ చదివే రోజుల్లో పడగొట్టి సిమెంటు ఇల్లు కట్టారు. అమ్మకు నడుం నొప్పి. చవుడు తోలే బండ్లు పోయాయి, సాయం వచ్చే మనుషులు వలస వెళ్ళారు. మట్టి ఇల్లు ఒక్కరి వల్ల నిలవదు. అందుకే ఆమెను నేను ఎన్నడూ తప్పు పట్టలేదు. రాంచోస్‌లో నేను చూసి అసూయపడింది చర్చి అందాన్ని కాదు. ఇంతమంది ఒకే పని కోసం ఇప్పటికీ ఏటా పనులు మానుకుని వస్తున్నారు, అందుకు అసూయపడ్డాను.

మూడో రోజు నా చేతివేళ్ళ చివర్లు పగిలి రక్తం వచ్చింది. చేతితొడుగులు వేసుకుంటే మట్టి పదును తెలియడం లేదని తీసేశాను. ఆ రోజే పని నా చేతికి వచ్చింది. ఎంత తడి చాలు, ఎప్పుడు కొట్టాలి, ఎక్కడ ఆగాలి అన్నది అరచేయి చెప్పడం మొదలుపెట్టింది. పూత ఒకే మందంలో రానక్కరలేదు. వాన కొట్టే వైపు, నేలకు దగ్గరగా, మందంగా ఉండాలి. పైకప్పు నీళ్ళు బయటికి పోయే చెక్కదోనెల కింద మరీ మందంగా. నేల మీద పడ్డ చినుకులు చిమ్మి గోడ అడుగును కొరికేస్తాయి, గోడ అక్కడే ముందు దెబ్బతింటుంది. చర్చి వెనక వైపు గోడలకు ఆసరాగా గుట్టల్లాంటి పెద్ద మట్టి దిమ్మెలున్నాయి. జార్జియా ఓకీఫ్ బొమ్మలు గీసినదీ, ఆన్సెల్ ఆడమ్స్ ఫోటోలు తీసినదీ ఆ వెనక వైపునే. నన్ను నాలుగో రోజు అక్కడ పెట్టారు. మూలలు ఎక్కడా పదునుగా ఉండవు. ఇన్నేళ్ళ అరచేతులు వాటిని గుండ్రంగా చేశాయి. నా చేయి ఆనించినప్పుడల్లా కింద మరొకరి చేతి వంపు తగిలేది.

ఆ సాయంత్రం ఏడు గంటలకు, అందరూ పారలు కడుగుతుండగా, అమ్మకు వీడియో కాల్ చేశాను. అక్కడ ఉదయం ఆరున్నర. ఫోను తిప్పి గోడ చూపించాను. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"తడి ఆరకముందే నిమిరావా?"

"మెత్తాను కదమ్మా."

"మెత్తడం కాదే. సగం ఆరాక తడిచేత్తో నిమరాలి. లేకపోతే రేపు ఎండకు నెర్రెలిస్తుంది. మూల దగ్గర చూడు, అప్పుడే సన్నగా గీత కనిపిస్తోంది."

నాకు కనిపించలేదు. పెద్దావిడ దగ్గరికి వచ్చి, మీ అమ్మగారు ఏమంటున్నారని అడిగారు. చెప్పాను. ఆవిడ మూల దగ్గరికి వెళ్ళి వంగి చూశారు. ఏమీ మాట్లాడకుండా తన సంచిలోంచి గొర్రెతోలు ముక్క తీసి, నీళ్ళలో ముంచి పిండి, ఆ గీత మీద గుండ్రంగా రుద్దసాగారు. ఇంకో ముక్క నాకిచ్చారు. ఫోనును కిటికీ గట్టు మీద ఆనించి నేనూ రుద్దాను.

"కప్పు మీద మీరు ఏ మట్టి వేసేవారో అడుగు" అన్నారు ఆవిడ, గోడ మీంచి చూపు తిప్పకుండా.

అడిగాను.

"చవుడు. నీళ్ళు పీల్చదని చెప్పు" అంది అమ్మ. "వాళ్ళకు అక్కడ దొరుకుతుందేమో అడుగు."